పాదాల దగ్గర ఆగని బస్సు

ఫోన్లో ఆడే ఒక బస్సు ఆట ఉంది. అందులో పాడేరు ఘాట్ రోడ్డు ఎంచుకుని బస్సు కదిపితే వెనకనుంచి ఒక కండక్టరమ్మ "రైట్ రైట్" అంటుంది. ఆ గొంతు నాది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోడ్డు చేసింది కూడా నేనే. అదీ చెప్పలేదు.

ఆట తయారుచేసినవాళ్ళు సముద్రం అవతల ఏదో దేశంవాళ్ళు. వాళ్ళ ఆటలో వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ బస్సులు ఉంటాయి. అయితే ఆడేవాళ్ళు తమ బస్సుల్ని, తమ రోడ్లని అందులో చేర్చుకునే వీలు కూడా ఇచ్చారు. అలా చేర్చినదాన్ని మోడ్ అంటారు. మన తెలుగువాళ్ళకి దీనికోసం ఒక గ్రూపు ఉంది. అందులో ఒకాయన విదేశీ బస్సుకి మన పల్లె బస్సు రంగులు వేస్తాడు, తుప్పుతో సహా. ఇంకొకాయన అద్దాలు కదిలే చప్పుడు మాత్రమే చేస్తాడు. అద్దాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. గ్రూపులో అందరూ అందరినీ బ్రో అంటారు. నేను చేరినప్పుడు ఫొటో పెట్టమంటే ఒక మలుపు ఫొటో పెట్టాను. అప్పటినుంచి నేను ఘాట్ బ్రోని. కాదని చెప్పాలంటే మాట్లాడాలి. అందుకని అలాగే ఉండిపోయాను.

నేను కాఫీ గింజలు కొనే ఒక ఆఫీసులో రైతుల పేర్లు, బస్తాల బరువులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. రోజంతా మాట్లాడకుండా జరిగిపోయే ఉద్యోగం. అందుకే చేరాను. ఇంటికి వచ్చాక చదువుకుంటాను, డైరీ రాసుకుంటాను. ఆ రోడ్డు చేసిన ఏడాది మాత్రం పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కొండలు కట్టాను.

ఘాట్ రోడ్డు చెయ్యడానికి నాకు కొలతలు అక్కర్లేకపోయాయి. మా నాన్న ఆ ఘాట్ మీద బస్సు డ్రైవరు. బడి లేని రోజుల్లో అమ్మ కొండ మీద పనికి వెళ్తే నన్ను నాన్న బస్సులో ఇంజను మూత పక్కన కూర్చోబెట్టేవారు. ఏ మలుపులో మంచినీళ్ళ సీసా ఎటు దొర్లుతుందో, ఎక్కడ కడుపులో తిప్పుతుందో, ఎక్కడ ఇంజను గొంతు మారుతుందో అన్నీ అక్కడే నేర్చుకున్నాను. కొండవైపు గోడ నాచు, లోయవైపు సున్నం కొట్టిన రాళ్ళు, సీతాఫలాల బుట్టలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు, ఎవరి మాటా వినని కోతులు, అన్నీ ఒక్కొక్కటిగా పెట్టాను. హారన్ నాన్న బస్సుదే. ఎప్పుడో ఊరికే ఫోన్లో పట్టి ఉంచుకున్నది పనికొచ్చింది.

కండక్టరు గొంతు కావాలని గ్రూపు అడ్మిన్ అడిగాడు. అమ్మాయి గొంతైతే కొత్తగా ఉంటుంది బ్రో, మీ సిస్టర్ ఎవరైనా ఉంటే అడుగు అన్నాడు. అడుగుతానని రాశాను. మా ఇంట్లో కాఫీ బస్తాలు పెట్టే గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, నెత్తిమీద దుప్పటి కప్పుకుని "రైట్ రైట్" అన్నాను. బస్సు ఆపడానికనే "హోల్డాన్" అన్నాను. "ముందుకి జరగండి" అన్నాను. బయటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో చేటతో నిలబడి ఉంది. ఎలకలున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. సిస్టర్ ఒప్పుకుంది అని గ్రూపులో రాశాను.

ఇప్పుడు నాన్న మోకాలి గురించి చెప్పాలి. ఘాట్ డ్రైవర్లకి ఎడమ మోకాలు ముందు పోతుంది. క్లచ్ కాలు అది. నాన్నది అరిగి అరిగి, చివరికి విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆపరేషన్‌కి తనే బస్సు నడుపుకుంటూ వెళ్ళారు. ఆ రోజు డ్యూటీ ఎలాగూ తనదే కదా అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మందుల మత్తులో కారులో పడుకుని వచ్చారు కాబట్టి ఘాట్ చూడలేదు. తర్వాత డిపోలో ఇంక బస్సు నడపకూడదన్నారు. గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. కొన్నాళ్ళు వెళ్ళారు. తన బస్సు రోజూ వేరేవాళ్ళ చేతుల్లో గేటు దాటడం చూసి, సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు.

మోకాలు సరిగ్గా అతకలేదు. మళ్ళీ తెరిచి చూడాలి, వానలు ముదిరేలోపు రండి, ఆలస్యమైతే ఉన్నది ఉన్నట్టు బిగిసిపోతుంది, ఆ తర్వాత మా చేతిలో ఉండదు అని డాక్టరు చెప్పారు. నాన్న వెళ్ళనన్నారు. కారణం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నేను చూశాను. ఒకసారి బలవంతాన బస్సెక్కించాము. ఆ ఘాట్ మీద ఆయన ప్రయాణికుడిగా కూర్చోవడం అదే మొదలు. మొదటి మలుపు వచ్చేసరికి ఎడమ కాలు నేలని తొక్కడం మొదలుపెట్టింది. అక్కడ క్లచ్ లేదు. చొక్కా తడిసిపోయింది. వ్యూ పాయింట్ రాకముందే దిగిపోయి, ఎదురుగా ఎక్కుతున్న జీపులో వెనక్కి వచ్చేశారు. అమ్మ అడిగితే బస్సు బాగులేదన్నారు. పోనీ అరకు మీదుగా వెళ్దామంటే అదీ ఘాటే. మా ఊరినుంచి ఎటు దిగాలన్నా ఎవరో ఒకరు నడిపే బండిలో కొండ దిగాలి.

ఇదంతా డైరీలో రాశాను. నాన్నతో మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆయనతో వాదించడం మా ఇంట్లో అమ్మ శాఖ.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని నా రోడ్డుని ఫోన్లో పరీక్షించుకుంటున్నాను. సౌండ్ తగ్గించడం మరిచిపోయాను. హారన్ మోగింది. మంచం మీద అటు తిరిగి పడుకున్న నాన్న ఇటు తిరిగారు.

"ఎవల బండది?"

గ్రూపులో ఎవరో చేశారట, మన ఘాట్ అట అని ఫోన్ ఇచ్చాను. ఆయన ఫోన్‌ని రెండు చేతులతో స్టీరింగులా పట్టుకున్నారు. ఆట కూడా అలాగే ఆడాలి, ఎటు వంచితే బస్సు అటు తిరుగుతుంది. ఆయన ఫోన్‌తో పాటు భుజాలు కూడా వంచారు. మొదటి మలుపు దాటాక, క్లచ్ నేదేటి అని అడిగారు. ఈ ఆటలో ఉండదట అన్నాను. ఎడమ మోకాలు తడుముకుని, "మంచిదే" అన్నారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్ ఆయనది. రోజూ ఒక తప్పు పట్టేవారు. పనస చెట్టు లోయవైపు ఉందేంటి, కొండవైపు కదా ఉండాలి. ఎక్కే బండికి దారి ఇవ్వాలని ఈ లారీలకి ఎవరూ చెప్పలేదా. దిగేటప్పుడు ఇంజను ఇలా మూలగదు, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే కదా దిగాలి. నేను తలూపి ఊరుకునేదాన్ని. మర్నాటికి పనస చెట్టు కొండవైపుకి వచ్చేది. లారీలు మర్యాద నేర్చుకునేవి. నాన్న అది చూసి, ఈ రోడ్డు చేసినవాడెవడో మాట వినే గుంటడిలా ఉన్నాడే అనేవారు. నేను గుట్టుగానే నెట్టుకొస్తున్నానని అనుకున్నాను.

ఒక్క తప్పు మాత్రం దిద్దలేదు.

"ఈ కండక్టరమ్మ గొంతేటి, నూతిలోంచి ఒస్తన్నాది," అన్నారు ఒకరోజు. "ముందు సీటోడికే ఇనబడనేదు. ఎనక సీటోడికి ఏటినబడద్ది?"

సౌండ్ పెంచి చూశాను. గొంతు పెరగలేదు, బుస పెరిగింది. మళ్ళీ దుప్పటి కప్పుకుని అరవబోయాను. అరుపు రాలేదు. ఎలకల మందు పెట్టమంటావా అని అమ్మ బయటినుంచి అడిగింది. అలాగే వదిలేశాను.

రోడ్డు పూర్తయింది. మా ఘాట్‌లో సగం దారిలో అమ్మవారి పాదాలు ఉన్నాయి. అక్కడ ఆగకుండా బండి పోదు. ఆగి, హారన్ కొట్టి, చిల్లర వేసి, దండం పెట్టి కదులుతారు. పెళ్ళి బస్సైనా, సిమెంటు లారీ అయినా అంతే. చర్చికి వెళ్ళే కుటుంబాల జీపులు కూడా అక్కడ కాస్త నెమ్మదించి వెళ్తాయి. ఆ చోటు లేకుండా ఘాట్ చేస్తే అది ఘాట్ కాదు. అయితే ఆటలో గుడి లాంటి వస్తువేదీ దొరకలేదు. ఆ విదేశంవాళ్ళ చెక్‌పోస్టు గది ఒకటి సరిపోయేలా ఉంటే తీసుకుని, రాళ్ళ రంగు వేసి, పసుపు కుంకుమ పూసి, రోడ్డుకి అడ్డంగా ఉండే కర్రని కనబడకుండా చేసి అక్కడ పెట్టాను. చాలా సహజంగా వచ్చింది. మొదటిరోజు నాన్న అక్కడ ఫోన్ ఒడిలో పెట్టుకుని దండం కూడా పెట్టారు.

మోడ్ గ్రూపులో పెట్టాను. మొదట మా వైపు కుర్రాళ్ళే ఆడారు. పాడేరువాళ్ళు, గూడెం కొత్తవీధివాళ్ళు. అబ్బ, అచ్చం మన ఘాటే అన్నారు. ఒకరు పొగమంచు తయారుచేసి నా రోడ్డు మీద పరిచారు. మారేడుమిల్లి దగ్గరి అతను వెదురు లారీ ఒకటి పంపి, మా ఘాట్ ఎప్పుడు చేస్తావు బ్రో అని అడిగాడు. అందరూ పైనుంచి కిందకి, కిందనుంచి పైకి నడిపారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత మైదానంవాళ్ళు దిగారు. రెండో రోజుకి వీడియోలు మొదలయ్యాయి. బస్సు వేగంగా వస్తుంది. పాదాల దగ్గరికి రాగానే గాలిని గుద్దుకుంటుంది. రోడ్డు మీద ఏమీ ఉండదు. బస్సు మాత్రం ముందుభాగం నుజ్జయి, ఒక్క క్షణం నిలబడి, నెమ్మదిగా లోయలోకి ఒరుగుతుంది. వెనకనుంచి నా గొంతు ఎంతో శాంతంగా, "ముందుకి జరగండి" అంటుంది.

ఇలాంటివి చాలా వచ్చాయి. బ్రో, ఘాట్‌లో దెయ్యం ఉంది అన్నారు. ఫోన్ చెడిపోయిందనుకుని ఒకాయన రిపేరుకి ఇచ్చాడట. మావైపువాళ్ళు మాకేం కాలేదే అని జవాబు రాశారు. దాంతో కొందరికి దెయ్యం సంగతి మరీ రూఢి అయిపోయింది. అది స్థానికులని ఏమీ చెయ్యదన్నమాట.

నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. కర్రని కనబడకుండా చేశాను తప్ప తీసెయ్యలేదు. చెక్‌పోస్టు చెక్‌పోస్టులాగే పనిచేస్తోంది. ముందు బండి ఆపితే కర్ర లేస్తుంది, ఆపకపోతే లేవదు. నేను ఆ రోడ్డుని లెక్కలేనన్నిసార్లు పరీక్షించాను. ప్రతిసారీ ఆపాను. నాన్న ఆపారు. పాడేరువాళ్ళు ఆపారు. అక్కడ ఆపకుండా వెళ్తే ఏమవుతుందో చూడాలని మా కొండ మీద ఎవరికీ తోచలేదు.

అడ్మిన్ మర్యాదస్తుడే. కానీ, అది బగ్ బ్రో, వెంటనే తీసెయ్, లేకపోతే మోడ్‌ని గ్రూపులోంచి తీసెయ్యాల్సి వస్తుంది అని రాశాడు. కర్ర తీసెయ్యడం నాకు చిటికెలో పని. ల్యాప్‌టాప్ తెరిచాను కూడా. ఎందుకో ముందు నాన్నకి చెప్పాలనిపించింది. గ్రూపులోవాళ్ళు ఇలా అంటున్నారట, రోడ్డు చేసినతను అది తీసేస్తాడట అని చెప్పి, వీడియో ఒకటి చూపించాను. బస్సు గాలిని గుద్దుకుని లోయలోకి పోవడం నాన్న చివరిదాకా చూశారు. నవ్వలేదు.

"ఆపితే ఎల్తాది కదా?"

"ఎల్తాది నానా."

"మరి తప్పేటుంది? ఆపమను."

ల్యాప్‌టాప్ మూసేశాను. గ్రూపులో ఒక్క వాక్యం రాశాను. అమ్మవారి పాదాల దగ్గర ఆగి, హారన్ కొట్టి వెళ్ళండి, దారి ఇస్తుంది అని. నేను గ్రూపులో రాసిన అతి పెద్ద సందేశం అదే. అడ్మిన్ చాలాసేపటికి ఒక దండం బొమ్మ పెట్టాడు. మోడ్ ఉండిపోయింది.

అక్కడినుంచి జనం ఆపడం మొదలుపెట్టారు. కొందరు దారి కోసం ఆపారు, కొందరు సరదాకి. గుంటూరు వైపు ఆయనెవరో ఫోన్‌కి పసుపు రాసి వీడియో పెట్టాడు. చిల్లర వేసే చప్పుడు కావాలని అడిగితే అద్దాల చప్పుడాయన చేసి ఇచ్చాడు. కర్రని పూర్తిగా తీసేసిన మోడ్ కూడా ఒకరు చేసి పెట్టారు. దాన్ని వేసుకున్నవాళ్ళు కొందరు, బోసిగా ఉంది బ్రో అని మళ్ళీ పాతదానికే వచ్చేశారు.

నాన్న ఆడటం తగ్గించి ఈ వీడియోలు చూడటం మొదలుపెట్టారు. వేరేవాళ్ళు తన ఘాట్‌లో బస్సు దింపే వీడియోలు. మొదట్లో ప్రతి మలుపుకీ ఆయన ఎడమ కాలు మంచంకోడుని తన్నేది. అమ్మ మంచం గోడకి జరిపింది. నాన్న తిట్టుకుంటూనే చూశారు. ఈడికి లైసెన్సు ఎవలిచ్చారు అనేవారు. కొన్నాళ్ళకి, ఈడు పర్వానేదు, గేరు మార్సినాడు అన్నారు. ఒక అనంతపురం కుర్రాడి మీద నమ్మకం కుదిరింది. వాడు నెమ్మదిగా దింపుతాడు, ఎక్కే బండికి దారి ఇస్తాడు, పాదాల దగ్గర చెప్పులు విప్పి ఫోన్ పట్టుకుంటాడట. వాడు దింపుతుంటే నాన్న కాలు కదల్లేదు. నేను గమనించాను. అమ్మ కూడా గమనించిందని తర్వాత తెలిసింది. వంటింట్లోకి వచ్చి, మెల్లగా కూడా కాదు, మామూలుగానే అంది.

"ఇప్పుడైతే ఎల్తాడు. బుద్ధి మారకముందే బేగి బయల్దేరండి."

నాన్న వింటూనే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే తనే ముందు తయారై, డాక్టరు కాగితాల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికే వానలు మొదలయ్యాయి.

బస్సులో నేనూ నాన్నా డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాం. నాన్నకి కిటికీ పక్కన, కాలు చాపుకునే వీలుగా. డ్రైవరూ కండక్టరూ కొత్తవాళ్ళే, మైదానంనుంచి వచ్చినట్టున్నారు. నాన్నని గుర్తుపట్టలేదు. నాన్న డ్రైవరు చేతుల్నే చూస్తున్నారు. బస్సు పాడేరు దాటింది. మొదటి మలుపు. నాన్న కాలు కొద్దిగా బిగిసింది, అంతే. రెండో మలుపు. పనస చెట్టు కొండవైపే ఉంది. నాన్న దాన్ని చూసి, నా వైపు చూసి, మళ్ళీ రోడ్డు చూశారు. డ్రైవరు బాగానే దింపుతున్నాడు. గేరు సరిగ్గానే ఉంది. ఇంక గండం గడిచినట్టే అనుకున్నాను.

పాదాలు ఇంకో మలుపు దూరంలో ఉన్నాయనగా బస్సు వేగం తగ్గాలి. తగ్గలేదు. నాన్న చెయ్యి ముందున్న కడ్డీని పట్టుకుంది. కాలు నేలని తొక్కుతోంది. ఆయన ఒక్క మాట అంటే బస్సు ఆగుతుంది, కానీ అనరు. స్టీరింగు మీద ఉన్నవాడికి ఇంకో డ్రైవరు బస్సులో అందరి ముందు చెప్పకూడదు. అది వాళ్ళలో నియమం. కండక్టరు వెనకెక్కడో టిక్కెట్లు కొడుతున్నాడు. ఇప్పుడు గనక నాన్న దిగిపోతానంటే ఇంక ఎప్పటికీ ఎక్కరు. మలుపు తిరిగాం. పాదాలు కనబడ్డాయి. బస్సు పోతూనే ఉంది.

"హోల్డాన్!"

ఎవరన్నారో నాకు ఒక్క క్షణం తెలియలేదు. బస్సులో అందరూ నా వైపు తిరగడం చూసి తెలిసింది. బ్రేకు పడింది. బస్సు పాదాలకి సరిగ్గా ఎదురుగా ఆగింది. కండక్టరు వెనకనుంచి, ఎవరు దిగాలమ్మా ఇక్కడ అని అరిచాడు. నా దగ్గరున్న గొంతంతా అప్పటికే వాడేశాను. వెనక సీటులోంచి ఒక ముసలమ్మ నాకు బదులు చెప్పింది.

"ఎవులూ దిగరు బాబూ. పాదాలు కదా, ఆగాలి. కొత్తోడివేటి?"

చిల్లర చేతులు మారుకుంటూ వెనకనుంచి ముందుకి వచ్చింది. డ్రైవరు తెలియదమ్మా అని, దిగి, చెప్పులు విప్పి, చిల్లర వేసి వచ్చాడు. వచ్చి హారన్ కొట్టాడు. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది.

నాన్న కడ్డీ వదిలేశారు. ఎడమ కాలు చాపుకున్నారు. కింద సమతలం వచ్చేదాకా అది మళ్ళీ కదల్లేదు. నేను ఒళ్ళోని సంచి వైపు చూస్తూ కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి. ఘాట్ దిగాక బస్సు టీకి ఆగింది. సగం జనం దిగారు. నేను సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చాను. నాన్న తాగి, మూత పెట్టి, సీసా నా చేతికిచ్చారు. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన తర్వాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు ఎనక సీటోడికి ఇనబడింది. ఆ ఆట్లో కూడా ఇదే పెట్టు."